ఎర్రదీపం ఆరిన రెండు చరణాలు

మొన్న బీరువా అడుగున ఉన్న వీడియో క్యాసెట్టు పెట్టె తెరిస్తే, కలరా ఉండల ఘాటు కింద ఎక్కడో పాత కర్పూరపు వాసన తగిలి, నా పదేళ్ళ వయసులోని ఒక శ్రావణమాసపు పొద్దు కళ్ళముందు నిలబడింది.

గజపతినగరం దగ్గర మా ఊరు. బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు పలక మీద ఓనమాలు దిద్దించింది, పాటలు నేర్పింది మామ్మే. ఆవిణ్ణి ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు పది గంటలకు మామ్మను గొంతు ఆపరేషనుకు విశాఖపట్నం తీసుకుపోవాలి. తర్వాత గొంతు రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకని, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మా చిన్నాన్న, ఆవిడ రోజూ పాడే హారతిపాటైనా దక్కించుకోవాలని, దేవుడి గది ముందు కెమెరా స్టాండు నిలబెట్టాడు.

తడిమట్టి వాసన, ఉడుకుతున్న ఉండ్రాళ్ళ ఆవిరి, పెరట్లో కాకుల గోల, వాటి మధ్య చిన్నాన్న అందరికీ పనులు పంచాడు. లైటింగు నాన్నది: గుమ్మంలో తెల్లదుప్పటి పట్టుకుని ఎండను మామ్మ మొహం మీదికి మళ్ళించాలి. సౌండు అత్తది: ఫ్యాను ఆపి, కాకుల్ని తోలాలి. నేను ఫ్రేములోనే, మామ్మ పక్కన, చివర్లో మోగించాల్సిన గంట పట్టుకుని కూర్చున్నాను. రోలింగ్ అంటే టేపు తిరుగుతున్నట్టు, యాక్షన్ అంటే మొదలెట్టమని. కట్ అనేదాకా ఎవరూ నోరు విప్పకూడదన్నాడు. కెమెరాకే ముందువైపు ఉన్న చిన్న ఎర్రదీపం వెలుగుతుంటేనే రికార్డవుతున్నట్టని నాకు ముందురోజే చూపించాడు.

"ఒరే, ఆ దుప్పటి దించరా, కళ్ళు బైర్లు కమ్ముతన్నాయి. నేనేటి, పెళ్ళికూతుర్నా?" అని మామ్మ నాన్నను దెప్పింది.

టేపు ఆడుతోందో లేదో చూద్దామని చిన్నాన్న అప్పటికే బటన్ ఒకసారి నొక్కి, ఆపడం మరిచి, దుప్పటి సర్దడానికి పోయాడు. తిరిగొచ్చి "రోలింగ్" అంటూ మళ్ళీ నొక్కాడు. ఎర్రదీపం ఆరిపోయింది. అతను కెమెరాలోకి చూడలేదు, తల్లినే చూస్తున్నాడు.

"యాక్షన్" అనగానే మామ్మ కర్పూరం వెలిగించి పాట ఎత్తుకుంది. నాలుగు చరణాలు. హారతివేళ మాట్లాడకూడదని మామ్మ నేర్పింది, షాటులో మాట్లాడకూడదని చిన్నాన్న చెప్పాడు. నేను ఆ ఆరిన దీపంకేసే చూస్తున్నాను. మొదటి చరణం అయిపోయింది. కర్పూరం కరుగుతోంది, గంట పట్టుకున్న చెయ్యి చెమటతో జారుతోంది, రెండోదీ అయిపోవస్తోంది.

"సిన్నాన్నా, ఎర్రదీపం ఆరిపోనాది."

చిన్నాన్న గబుక్కున బటన్ నొక్కాడు, దీపం వెలిగింది. మామ్మ ఆగలేదు; మూడో చరణం అందుకుంది.

పాట అయ్యాక చిన్నాన్న ఆవిడ కాళ్ళ మీద పడి, ఇంకొక్కసారి పాడమని బతిమాలాడు. మామ్మ పళ్ళెం కింద పెట్టింది.

"ఇచ్చిన హారతి మళ్ళీ ఇస్తారేట్రా? ఆయన ఇనీసినాడు. పదండి, జీపు వచ్చీసినాది."

ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. చెప్పదలుచుకున్నది నా పలక మీద రాసి చూపించేది.

ఆ ఇల్లు లేదు, క్యాసెట్టు ఆడించే మిషనూ లేదు. మా అమ్మాయి దాన్ని ఎక్కడో ఫోనులోకి ఎక్కించి తెచ్చింది. ముందు దుప్పటి గొడవ, వెంటనే మూడో చరణం. సందెవేళ కర్పూరం వెలిగించి మొదటి రెండు చరణాలూ నేనే పాడి, అప్పుడు ఫోనులో మూడో చరణం దగ్గర నొక్కుతాను. మామ్మ నా దగ్గర్నుంచి పాట అందుకుంటుంది. మధ్యలో ఒక్క క్షణం ఎవరి గొంతూ ఉండదు. కర్పూరం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.