కాఫీ తాగి వెళ్లండి

వేయించిన జీడిపప్పు వాసన గదంతా కమ్ముకుంది. బాపట్లలోని నా చిన్న ఆఫీసుకు డిజైన్ పని మీద వచ్చిన ఒకాయన వేటపాలెం జీడిపప్పు ప్యాకెట్ విప్పి బల్ల మీద పెట్టారు. తెల్లని కవరు మీద ఒక్క జీడిపండు బొమ్మ, అంతే. "కవరు భలే ఉందండి. మీరు చేసిందేనా?" అన్నారు. నాకు కడుపు మండింది.

అది వసుంధరక్క చేసిన కవరు. తెనాలిలో ఆమె ఇంటి ముందుగదిలోనే నేను డిజైనింగ్ నేర్చుకున్నాను. ఎవరు పని తెచ్చినా అక్క ముందు ఒకటే అడిగేది. రేపల్లె నుంచి ఒక పచ్చళ్ల వ్యాపారి వచ్చినప్పుడూ అదే అడిగింది.

"ఫైనల్ చేసేది మీరేనా అండి?"

"నేనేనండి. మా బావమరిదికి ఒకసారి చూపిస్తాను. మా ఆవిడకి కూడా నచ్చాలి కదండి."

"అయితే నా వల్ల కాదులెండి, బాబాయ్ గారూ. కాఫీ తాగి వెళ్లండి."

ఆయన నిజంగానే కాఫీ తాగి, నవ్వుతూ లేచాడు. అప్పటికి నేను బాపట్లలో సొంతంగా పని మొదలుపెట్టాను. అక్కను చూసిపోదామని ఆ రోజు వెళ్లాను. వచ్చిన ప్రతి పనినీ కళ్లకద్దుకుంటున్న రోజులవి. నాకు దొరకని పనిని అక్క అంత తేలిగ్గా వదిలేస్తుంటే ఓర్చుకోలేకపోయాను. ఆయన వెనకే వీధిలోకి వెళ్లి నా కార్డు చేతిలో పెట్టాను.

ఆ పచ్చళ్ల కవరు నా ప్రాణం తీసింది. బావమరిది ఎరుపన్నాడు, భార్య పసుపంది, కొడుకు ఫోన్ చేసి అసలు సీసా బొమ్మే వద్దన్నాడు. చివరికి అచ్చయి వచ్చినదాన్ని మా అమ్మకు కూడా చూపించలేదు. ఆ గొడవలో ఉండగానే వేటపాలెం నుంచి ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, జీడిపప్పు కవరు చేస్తారా అని అడిగితే ఖాళీ లేదండి అనేశాను.

కొన్నాళ్లకు ఆ తెల్ల కవరు ఏ కొట్టుకు వెళ్లినా కనిపించింది. తప్పేమైనా దొరుకుతుందేమోనని తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు. తెనాలి వెళ్లినప్పుడు అక్కే ఆ మాటెత్తింది.

"ఆవిడ ముందు నీకే ఫోన్ చేసిందటగా? తనొక్కదానికి నచ్చితే చాలంది. ఏంటే, అలాంటి మనిషిని వదులుకున్నావు?"

జాలిగా అంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది. వేళాకోళం చేసినా బాగుండేది.

అక్క ఇప్పుడు లేదు. నా అసూయ మాత్రం ఆమెతో పోలేదు. కవరు మీద అక్క పేరు ఎక్కడా ఉండదు. నేనే చేశానన్నా, అది అబద్ధమని ఎదురుగా కూర్చున్న ఈయనకు తెలిసే దారి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కాదండి, మా అక్క చేసింది," అన్నాను. "ఇంతకీ మీ పనిలో ఫైనల్ చేసేది మీరేనా అండి?"

ఆయన ఒక జీడిపప్పు నోట్లో వేసుకుని, "మా అన్నయ్య కూడా ఓసారి చూస్తాడండి..." అన్నారు.

కాఫీ తెప్పించాను.