జీవరత్నం మాస్టారి మూడో జార్జి

జీవరత్నం మాస్టారు పుస్తకం తెరవకుండా పాఠం చెబుతాడని పిల్లలు గొప్పగా చెప్పుకునేవారు. రాజోలు నుంచి గల్ఫ్‌కు వచ్చి అల్ రయ్యాన్‌లోని ఓ ఇండియన్ స్కూల్లో పద్దెనిమిదేళ్లుగా చరిత్ర చెబుతున్నాడు. రెండేళ్లుగా ఆయన పుస్తకం తెరిచినా ఉపయోగం లేదు. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. అక్షరం అసలే తెలియదు.

ఈ సంగతి భార్య సుసన్నకూ, అదే స్కూల్లో పన్నెండు చదివే కూతురు తెరెసాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, దాంతో ముగ్గురి వీసాలూ పోతాయి. తెరెసా బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలో. అప్పటిదాకా నెట్టుకొస్తే చాలు. ఇది నవంబరు.

పేపర్లు దిద్దడానికి ఇంట్లో ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక సుసన్న జవాబులు చదివేది. ఆయన చెప్పిన మార్కు ఎర్ర పెన్నుతో వేసేది.

"ఈ ఒవైస్ రాత కోడి కెలికినట్టుందండీ."

"నీకెందుకే, చదువు."

సుసన్న పది దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు అచ్చు చదవగలదు, గొలుసుకట్టు రాత చదవలేదు. ఆ మాట చెప్పడానికి ఆమెకు నామోషీ. ఈసారి ప్రశ్న ఇంగ్లండు రాజు మూడో జార్జి జీవితం. ఆ పాఠం ఆయన ఇంట్లో వల్లె వేయగా వేయగా ఆమెకూ నోటికొచ్చింది. రాత అర్థం కాని చోటల్లా నోటికొచ్చిందే చదివేసింది.

మంగళవారం వైస్ ప్రిన్సిపాల్ హమీదుద్దీన్ కబురు పెట్టాడు. హైదరాబాదు మనిషి, స్నేహితుడే.

"ఏంది సార్, ఒవైస్‌కు తొమ్మిది, తన్మయికి ఆరా? వాళ్ళమ్మ పొద్దుగాల్నే వచ్చి నా పానం తిన్నది."

"విషయాన్ని బట్టే వేశానండి."

"అట్లనా. ఒవైస్ ఏం రాసిండో జర చదివి వినిపియ్యున్రి."

కాగితం చేతికొచ్చింది. జీవరత్నం దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. తెల్లగా మసక. ఆ రోజు సుసన్న చదివింది గుర్తుచేసుకుని మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లకే రాజయ్యాడు. అమెరికా వలసలు తిరగబడ్డాయి. పన్నులు వేసింది పార్లమెంటు, తిట్లు తిన్నది రాజు. వలసలు చేజారాయి. పిచ్చి ముదిరాక కొడుకు ఆయన పేరు మీద ఏలాడు. చివరి పదేళ్లూ మతి లేక, చూపు లేక కోటలోనే—

హమీదుద్దీన్ మధ్యలోనే అందుకున్నాడు.

"సార్, ఇందుల రాజే లేడు. పిల్లగాడు జార్జి పేరు చూసి వాషింగ్టన్ కథ రాసిండు."

కాగితం బల్ల మీద పెట్టబోతే అది కిందికి జారింది. జీవరత్నం దానికోసం వంగలేదు.

"ఎప్పటిసంది?"

"రెండేళ్లండి."

"పేపర్లు ఎవరు దిద్దుతున్రు?"

"నేనేనండి. మా ఆవిడకి ఏ సంబంధం లేదు."

"నేనిప్పుడు ఆమెను అడిగిన్నా?"

"ఫిబ్రవరి దాకా ఆగండి బాబూ. పిల్ల పరీక్షలైతే నేనే వెళ్ళిపోతాను. అన్ని పేపర్లూ ఎవరిచేతైనా మళ్ళీ దిద్దించండి. కాళ్ళు పట్టుకుంటాను."

"అట్లనకున్రి భాయ్. రేపు ఆ తన్మయి తల్లి ప్రిన్సిపాల్ దగ్గరికి పోతది. దాచినానని తెలిస్తే నాదీ ఖతం. నాకూ ఇద్దరు పిల్లలున్నరు." కుర్చీ కిర్రుమంది. "ఈ పీరియడ్ అయ్యేదాక ప్రిన్సిపాల్‌కు చెప్పను. ముందుగాల బిడ్డకు చెప్పుకోన్రి. వేరేటోళ్ల నోట వింటే తట్టుకోలేదు."

తెరెసా పై అంతస్తు ల్యాబులో ఉంటుంది. జీవరత్నం రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు దగ్గరికి రాగానే ఆమె గొంతు వినిపించింది.

"చరితా, స్టవ్ కాదే అది, మంట తగ్గించు! నీ చేతిలో పడితే ద్రావణం కాదు, సాంబారవుద్ది."

పిల్లలందరూ నవ్వారు. తెరెసా కూడా నవ్వింది. ఇంట్లో ఆమె అలా నవ్వి చాలా కాలమైంది.

"ఎవరు కావాలి సార్?" ల్యాబు టీచరు కమలాదేవి అడిగింది.



"ఎవరూ వద్దమ్మా. ఊరికే."

ఆయన అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి పీరియడ్ గంట కొట్టారు.