నాలుగు వేళ్లు దిగిన ఎర్రకారు

నకిరేకల్‌లో హైదరాబాదు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న సిద్దిరాములుకు ఒక జబ్బు ఉండేది. "నాతోని కాదు" అనే మాట అతని నోట వచ్చేది కాదు. పుట్టింది మగ్గమాడే ఇంట్లో. తండ్రి తెగిన పోగు అతకమంటే పోయి లారీల కింద దూరేవాడు. అలా దూరి దూరి మెకానిక్ అయ్యాడు. ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడు, బస్సులు బాగుచేశాడు. ఒకసారి ఎవరో అడిగారని గోడగడియారం కూడా విప్పాడు. అది మళ్లీ కొట్టలేదు. "దాని ఆయుష్షు గంతే ఉన్నది" అని చెప్పి పంపించాడు.

పందొమ్మిది వందల అరవై ఐదు వేసవిలో ఒకనాడు ఆ షెడ్డు ముందు రెండు సీట్ల ఎర్రటి విలాయతి కారు ఆగింది. దిగినవాడు అమరేందర్. అయిదు మైళ్ల అవతలి ఊళ్లో పెద్ద భూస్వామి ఇంటి ఒక్కగానొక్క కొడుకు.

"సిద్దిరాములూ, దీన్ని నాలుగు వేళ్లు కిందికి దించాలె. మద్రాసుల పందేలు చూసిన. కార్లు నేలను నాక్కుంట పోతున్నయి" అంటూ గోనెసంచిలోంచి నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లు తీసి పెట్టాడు. "స్ప్రింగులు మాత్రం ముట్టొద్దు. కంపెనీవోడు పెట్టినయి అట్లనే ఉండాలె."

అలాంటి కారు కింద సిద్దిరాములు ఎన్నడూ దూరలేదు. దూరడానికి దాని కింద జాగా కూడా పెద్దగా లేదు. అయినా, "గంతేనా దొరా? రేపు పొద్దుగూకేటాలకు రాండ్రి" అన్నాడు.

మర్నాడు పాత షాకులు ఊడదీసి కొత్తవి బిగించాడు. జాకీ దించి, నేలకీ కారుకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి కూడా దిగలేదు. వేళ్ల మీద అనుమానం వచ్చి దారంతో కొలిచాడు. చివరికి కారు ముక్కు మీద ఎక్కి కూర్చున్నాడు. కారు మర్యాదగా కిందికి వంగి, అతను దిగగానే అంతే మర్యాదగా లేచి నిలబడింది.

భార్య ఆండాళు సద్ది తెచ్చేసరికి తల పట్టుకొని ఉన్నాడు. ఆమె ఇంకా మగ్గం వదల్లేదు. ఇల్లు నడిచేది సగం ఆ మగ్గం మీదే.

"మొకం గట్ల పెట్టినవేంది?"

"కొత్త షాకులేసిన. బండి దిగుతలేదు."

ఆండాళు వంగి చక్రం సందులోంచి చూసింది. "బరువు మోసేది ఏది?"

"స్ప్రింగు."

"మరి నువ్వు మార్చిన గొట్టం?"

"స్ప్రింగు ఎగురకుంట ఆపుతది."

"మోసేటోన్ని ఇడిసిపెట్టి ఆపేటోన్ని మారిస్తే ఎట్ల దిగుతదయ్యా? గొట్టం చుట్టు మూడు గాట్లున్నయి చూసినవా? స్ప్రింగు కూసున్న పళ్లెం మీది గాట్ల ఉన్నది. మగ్గం తొక్కుడుకట్టె తాడుకు మూడు ముళ్లు ఎందుకేస్తం? కింది ముడికి తగిలిస్తే కట్టె కిందికి రాదా?"

సద్ది తింటున్న సిద్దిరాములు నమలడం ఆపేశాడు. నోట్లోని ముద్ద మింగి, "నాకెర్కనే. నీకెర్కనా లేదా అని చూసిన" అన్నాడు. ఆండాళు నవ్వుకుంటూ ఖాళీ గిన్నె తీసుకొని వెళ్లిపోయింది.

సాయంత్రానికి పళ్లేలన్నీ కింది గాట్లలోకి దిగాయి. వాటితోపాటు స్ప్రింగులు, స్ప్రింగులతోపాటు కారు. సరిగ్గా నాలుగు వేళ్లు. అమరేందర్ కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తారురోడ్డు మీద దౌడు తీయిస్తే గోడకు బల్లిలా అంటుకొని పోయింది.

"కూసో! మా అమ్మకు చూపిద్దాం పా" అని సిద్దిరాములును కూడా ఎక్కించుకున్నాడు.

తారురోడ్డు దిగగానే బండ్లబాట. రెండు పక్కలా ఎడ్లబండ్ల చక్రాలు దిగబడి చేసిన లోతు గాళ్లు, నడుమ గట్టిబడిన మట్టి దిబ్బ. కారు కడుపు ఆ దిబ్బకు రాసుకుంటూ కీచుమంది.

"ఏందా సప్పుడు?"

"కొత్త షాకులు గద దొరా, అలవాటు పడుతున్నయి" అన్నాడు సిద్దిరాములు, సీటు గట్టిగా పట్టుకొని.

ఊరు అర మైలు ఉందనగా కారు దిబ్బ మీద కడుపు ఆనించి ఆగిపోయింది. చక్రాలు గాలిలో తిరుగుతూ దుమ్ము లేపాయి. అప్పుడే బుచ్చయ్య, గుర్వమ్మ అనే ఆలుమగలు గొర్ల, మేకల మందను తోలుకొస్తున్నారు. మంద కారును చుట్టేసింది. ఒక మేక ముక్కు మీదికెక్కి అద్దంలోంచి అమరేందర్‌ను తేరిపార చూసింది.

"ఏంది దొరా, బండి పన్నదా, ఈనుతాందా?" అని అడిగింది గుర్వమ్మ.

బుచ్చయ్య చేన్లలోంచి ఎనిమిది మందిని కేకేశాడు. కింద వాసాలు దూర్చి కారును భుజాలకెత్తుకున్నారు. దిగాలో కూర్చోవాలో తేలక అమరేందర్ స్టీరింగు పట్టుకొని లోపలే ఉండిపోయాడు. మలుపు వచ్చినప్పుడు అలవాటుకొద్దీ తిప్పాడు కూడా. ఊరంతా ఉత్సవ విగ్రహాన్ని చూసినట్టు అరుగులెక్కి చూసింది.

తల్లి సుభద్రమ్మ గడపలోనే నిలేసింది. "పెట్రోలు తాగి నడిచేటి బండిని మనుషులతోని మోయించుకొచ్చినవా బిడ్డా? ఎవడు చేసిండు గీ పని?"

అందరూ సిద్దిరాములు వైపు చూశారు. "నేనే దొరసానీ. మీది గాట్లకు మళ్ల ఎక్కియ్యొచ్చు" అని, మారుమాట రాకముందే కారులోని జాకీ, పానా తీసుకొని కిందికి దూరాడు.

దీపాలు పెట్టేవేళకు కారు మొదటి ఎత్తుకు లేచింది. వింత ఏమిటంటే, పాత స్ప్రింగుల మీద కొత్త షాకులతో అదే గాళ్లబాట మీద కడవలో నీళ్లు తొణక్కుండా నడిచింది.

"ఇంత సుఖముంటదని ముందే చెప్పొద్దా?" అన్నాడు అమరేందర్.

"మీరు దిగుడు అడిగిన్రు. సుఖం అడగలే."

అయినా అమరేందర్ మనసు ఊరుకోలేదు. సోమవారం హైదరాబాదు పోతూ షెడ్డు దగ్గర కారు దింపించుకునేవాడు, శనివారం ఊరికి వస్తూ ఎత్తించుకునేవాడు. ఆ దించుడు ఎత్తుడు రెండేళ్లు సాగి, అతను జీపు కొన్నాక ఆగింది. అప్పటికి సిద్దిరాములు కళ్లు మూసుకొని కూడా ఆ పని చేయగలిగేవాడు.

ఆ జీపు వచ్చిన ఏడే గొర్ల బుచ్చయ్య ఎడ్లబండి తోలుకొని షెడ్డుకొచ్చాడు. తల్లి బక్కమ్మకు మోకాళ్ల నొప్పులు, బండి ఎక్కలేకపోతున్నది, జర దించమన్నాడు. సిద్దిరాములు "గంతేనా?" అన్నాడు. రెండు రోజులు తంటాలు పడి, ఇరుసు మీద కూర్చునే చట్రాన్ని ఇరుసు కిందికి వేలాడదీశాడు. బక్కమ్మ కర్ర పక్కన పెట్టి, ఎవరి చెయ్యీ పట్టకుండా ఎక్కి కూర్చుంది. అటూ ఇటూ చూసింది.

"మంచిగనే చేసినవు గని కొడుకా, ఎడ్ల తోకలు నా మొకానికే తగులుతున్నయి. వాటిని గూడ జర దించుతవా?"