కాజాలక్క అడిగిన రెండో వైపు

మా కాజాలక్క జన్మలో నన్ను అడిగింది ఒక్కటే. అదీ ఎనభై దాటి, రెండు కళ్లకూ మసక కమ్మాక, కూతురి ఇంట్లో కిటికీ పక్క మంచం మీద కూర్చుని అడిగింది.

"ఆ రెండో వైపు పాట ఒక్కసారి వినిపించవే. ఇంకెప్పుడూ నిన్నేమీ అడగను."

"ఇన్నాళ్లూ ఏదో అడిగి చంపేసినట్టు!" అన్నాను. ఊరికే అన్నాను గానీ, ఆ పాట తేకుండా మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదని అప్పుడే అనుకున్నాను.

చొక్కాకి గుండీ దూరడానికి సన్నని చీలిక ఉంటుంది. దాని అంచులు పీచులు రాకుండా దారంతో కుడతారు. అదే కాజా. మా కుట్టు కార్ఖానాలో ఆ పని ఆమెది. పన్నెండు మిషన్లు వరసగా, పొడుగు బల్ల దగ్గర కటింగ్ మాస్టారు, మూలన వెలుతురు పడేచోట చిన్న పీట మీద ఆమె. గోడ అలమరలో రికార్డు ప్లేయరు.

మా యజమాని పాటలు పెట్టించేది మా మీద ప్రేమతో అనుకునేరు. హుషారు పాట పెడితే కాళ్లు వాటంతటవే మిషను తొక్కుతాయని కనిపెట్టాడు మహానుభావుడు. ఒక గాయని అంటే మా అందరికీ ప్రాణం. ఆవిడ పాట ఒకటి అప్పట్లో ప్రతి కొట్టులోనూ మోగేది. ఆ రికార్డు మా దగ్గర రోజుకు ఇరవైసార్లు తిరిగేది.

నేను చేరిన వారంలోనే రికార్డు పెట్టే పని నాకు అప్పజెప్పారు. ఒక్కో వైపు ఒక్కో పాట, రెండు వైపులా నడుమ ఒకటే ఎర్ర కాగితం. దాని మీది అక్షరాలు నాకు సరిగ్గా రావు. ఏ వైపని ఒకర్ని అడగడం నా ఒంట్లో లేదు. చేతికొచ్చిన వైపు పెట్టేశాను.

గొంతు అదే, పాట వేరు. పనులన్నీ తెమిలాక తలుపు చేరవేసుకుని, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా తన కోసం తాను కూర్చున్న ఆడదాని పాట. హుషారు పాటలో ఆవిడ ఎక్కడ ఊపిరి తీస్తుందో తెలియదు. ఇందులో ప్రతి పాదం చివరా ఆ ఊపిరి వినిపిస్తుంది, పక్కన కూర్చుని పాడుతున్నట్టు. పన్నెండు మిషన్లూ ఒకదాని వెనక ఒకటి నెమ్మదించాయి.

యజమాని గదిలోంచి ఊడిపడ్డాడు. "ఎవరమ్మా ఈ జోలపాట పెట్టింది? మనం చొక్కాలు కుడుతున్నామా, ఉయ్యాల ఊపుతున్నామా?"

మళ్లీ పొరపాటు జరక్కుండా ఆ వైపు ఎర్ర కాగితం మీద తెల్ల పట్టీ అంటించాడు. మూలనుంచి కాజాలక్క సూది ఆపి అడిగింది. "భోజనాలప్పుడు పెట్టుకోవచ్చా అండీ? అప్పుడు తొక్కే కాళ్లుండవుగా."

ఆయన సరేనన్నాడు. ఆ వేళకు అందరూ వరండాలోకి పోయేవారు. వినేది అక్క ఒక్కతే.

ఏడాది తిరగకముందే మిషను సూది నా చూపుడువేల్లోంచి అవతలికి దిగింది. గాయం మానింది గానీ, మిషను ముందు కూర్చుంటే కాలు కదిలేది కాదు. నోరు ఎంత జోరుగా ఆడినా కాలు ఆడదే! ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. యజమాని నాలుగు రోజులు చూసి, "మిషను ఎక్కనివాళ్లకి ఇక్కడ చోటు లేదమ్మా" అనేశాడు.

"దాన్ని నా పక్కన పడెయ్యండి. ఒక్కదాన్నీ కుట్టలేక చస్తున్నాను," అంది కాజాలక్క.

పచ్చి అబద్ధం. ముగ్గురి పని ఒంటిచేత్తో చేసే మనిషి ఆవిడ.

మర్నాడు భోజనాల వేళ ఆ పాట పెట్టి, నా చేతికి ముక్కగుడ్డ ఇచ్చింది. "ఒక పాదానికి ఒక అంచు. ఆవిడ ఊపిరి తీసినప్పుడు నువ్వు మూల తిప్పు."

"తొందరగా కుడితే?"

"మూల నలుగుతుంది. ఆవిడకి లేని తొందర నీకెందుకే?"

నెల తిరిగేసరికి నా కాజాలు నిలబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్లు మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ చేతిపనితోనే. అక్క ఏనాడూ బాగుందనలేదు. నేనూ ఏనాడూ నీ దయ అనలేదు. ఇద్దరం ఇద్దరమే.

ఇప్పుడు ఆ పాట ఎక్కడని తేను? మనవరాలు ఫోనంతా గాలించింది. "అమ్మమ్మా, మొదటిదైతే నలభై రకాలుగా ఉంది. నువ్వు చెప్పేది అసలు ఉందా?"

"నేను కుట్టుకుంటూ విన్న పాటని లేదంటావేంటే? చెవుడు నీ ఫోనుకి!"

చెప్పులు వేసుకుని కార్ఖానాకి వెళ్లాను. యజమాని పోయాక ఆయన కోడలే నడుపుతోంది. ఇప్పుడు కాజాలకీ మిషనే. పాత అలమర మాత్రం అలాగే ఉంది.

"ఆ రికార్డు ఉంది గానీ అరిగిపోయింది పెద్దమ్మా. బరబర తప్ప ఏమీ రాదు," అంది.

"అరిగింది మీ మామగారి వైపమ్మాయ్. మా వైపు కాదు."

ఆ పిల్ల పకపకా నవ్వింది. మంచిపిల్ల. సాయంత్రం తనే ప్లేయరు తుడిచి, స్కూటరు మీద నన్నూ దాన్నీ అక్క దగ్గరికి తీసుకెళ్లింది. రికార్డు నా ఒళ్లో.

తీరా అక్కడ అలవాటు కొద్దీ మొదటి వైపే పెట్టింది. పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే చప్పుడు. అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. "పోనీలే. నాలాగే అయిపోయిందన్నమాట."

"తిప్పమ్మా, తిప్పు! పట్టీ ఉన్న వైపు!" అని కసిరాను.

తిప్పింది. రెండు మూడు చిటపటలు, ఆపైన ఆ గొంతు, నిన్న పాడినట్టే.

అక్క కదల్లేదు. మొదటి పాదం అయింది. గాయని ఊపిరి తీసింది. దుప్పటి మీదున్న అక్క కుడిచెయ్యి మణికట్టు దగ్గర మెల్లిగా తిరిగింది. మూల తిప్పిందన్నమాట. చూసుకుంటే నా చెయ్యీ తిరిగి ఉంది. పాట అయ్యేదాకా ఇద్దరం గుడ్డా సూదీ లేకుండానే కుట్టాం. కోడలుపిల్ల నోరు తెరుచుకుని మా చేతులనే చూస్తూ నిలబడింది.

పాట ఆగాక అక్క తడుముకుంటూ నా రవిక చెయ్యి పట్టుకుంది. ముంజేతి దగ్గర గుండీ విప్పి, కాజా అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఎవరు కుట్టారిది?"

"ఇంకెవరు? నేనే."

"మూల నలగలేదు," అంది. ఇంకోసారి తడిమి, "బాగుంది," అంది.

ఇన్నేళ్ల తర్వాత! ఆ రోజు యజమానికి చెప్పిన అబద్ధం నాకు తెలుసని, ఆ అబద్ధం మీదే మా పిల్లలు పెరిగారని, అప్పుడు చెప్పాను. నోరు విప్పి, దణ్ణం పెట్టి చెప్పాను.

"సర్లే, ఏడవకు. గుండీ పెట్టుకో," అంది అక్క. కోడలుపిల్ల ఉన్న వైపు మొహం తిప్పి, "మళ్లీ అదే వైపు పెట్టమ్మా. ఈ మాటల్లో పడి చివరి పాదం చెవిలోంచి జారిపోయింది," అంది.