కత్తెరక్క రాసిన జవాబు

మా అక్కకు కోపం వస్తే ముందు కత్తెర బల్ల మీద పెట్టేస్తుంది. చేతిలో కత్తెర ఉండగా మనిషిని తిట్టకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఆ ఉత్తరం వచ్చిన రోజు కత్తెర చేతిలోనే ఉండిపోయింది, ఆమె ఎవర్నీ తిట్టలేదు. అది నాకు అస్సలు నచ్చలేదు.

వీధిలో అందరికీ ఆమె కత్తెరక్క. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. మేడ మీద ఒక పొడవాటి గది, ఎనిమిది కుట్టుమిషన్లు, నడుమెత్తు కటింగు బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే కాగితపు కటింగులు. పాతికేళ్లుగా అదే ఆమె కుట్టు బడి. చెక్క అడ్డుగోడ వెనక ఒక మంచం, ఒక పొయ్యి. పెళ్లి మాటెత్తితే "కొలతలు కుదర్లేదే" అని నవ్వి ఊరుకునేది. ఆ గది పోతే ఆమెకు తిండీ లేదు, నిద్రా లేదు.

నేను ఆమె చెల్లెల్ని. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. రెండేళ్ల కిందట బడికి వెబ్‌సైటు చేసిపెట్టింది నేనే. పేరున్న ఒక కటింగు మాస్టారి పాఠాలను అప్పట్లో ఒక కంపెనీ తన సైటులో ఊరికే చూడనిచ్చేది. ఎవరైనా తమ పేజీలో చూపించుకోవచ్చని కింద మీట కూడా పెట్టింది. ఆ మీట నొక్కి ముప్పై రెండు పాఠాలు మా పేజీలోకి తెచ్చాను. తెచ్చానంటే, మా దగ్గర ఏమీ లేదు. పాఠం వాళ్ల దగ్గరే ఉంటుంది, మా పేజీలో ఒక కిటికీ తెరుచుకుంటుంది, అంతే. వాళ్లు అక్కడ తీసేస్తే ఇక్కడ చీకటి. అమ్మాయిలు కాలరు వేయడం, చెయ్యి అతకడం ఇంట్లో చూసుకుని, గదికొచ్చి కుట్టేవారు.

తర్వాత కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు పాఠాలు అమ్ముకుందామనుకున్నారు. ఉత్తరం వాళ్లదే. మా అనుమతి లేకుండా మా పాఠాలు మీ పేజీలో చూపిస్తున్నారు, పద్నాలుగు రోజుల్లో తీసేయండి, లేదంటే చట్టప్రకారం చర్య తీసుకుంటాం అని నాలుగే నాలుగు వాక్యాలు.

అక్క దాన్ని మూడుసార్లు చదివింది.

"తప్పు మనదేనే," అంది చివరికి.

కుట్టుపనిలో ఒక పద్ధతుంది. గురువు గోడ మీది కాగితం ఎత్తుకుపోయినవాడు దొంగ. దాన్ని బల్ల మీద పరిచి, తన కాగితం మీద తన పెన్సిలుతో గీసుకున్నవాడు శిష్యుడు. అక్క అలాగే నేర్చుకుంది, వందల మందికి అలాగే నేర్పింది. గీసుకుంటానంటే ఏ మాస్టారూ కాదనడు సరికదా, పెన్సిలు కూడా ఆయనే ఇస్తాడు.

"ఇన్నాళ్లూ వాళ్ల కాగితమే వాడేసుకున్నాం," అంది. "వాళ్లకి మండదా మరి? వాళ్లది వాళ్ల దగ్గరే ఉండనీ. మనం గీసుకుందాం."

"గీసుకోవడమేంటక్కా?"

"అన్నీ దింపి మన దాంట్లో పెట్టెయ్. వాళ్ల జోలికి పోకుండా."

"ఒక్కసారి లాయర్ని అడుగుదామా?" అన్నాను.

"నా తప్పు నేను దిద్దుకోడానికి లాయరెందుకే? విప్పి కుట్టుకోడానికి ఎవర్నైనా అడుగుతామా?"

నేను ఇంకొక్క మాట అనాల్సింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చిన్నప్పట్నించీ అక్క మాటకు ఎదురు చెప్పి గెలిచింది లేదు, అందుకని నోరు మూసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ముప్పై రెండూ దింపి మా సైటులోకి ఎక్కించాను. ప్రతి పాఠం మొదట్లో బడి బోర్డు బొమ్మ పెట్టమంది. "మన గుర్తుండాలిగా," అంది. అదీ పెట్టాను.

కంపెనీకి జవాబు మాత్రం తనే రాసుకుంది. అక్క చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. చూపించమంటే, "క్షమించమని రాశాలే, నువ్వు చదివి వంకలు పెట్టకు," అని తనే వెళ్లి రిజిస్టరు పోస్టు చేసి వచ్చింది. ఆ రోజు హాయిగా నిద్రపోయింది కూడా.

రెండు వారాలు చడీచప్పుడూ లేదు. తర్వాత సైటు లెక్కల్లో ఒక వింత కనబడింది. రోజూ పొద్దున పదకొండింటికి ఎవరో ఒకే చోటు నుంచి మా పేజీ తెరుస్తున్నారు. ఒకటో పాఠం మొదలుపెట్టి ముప్పై రెండోది దాకా, వరుస తప్పకుండా, చివరి క్షణం వరకూ చూస్తున్నారు. మర్నాడు మళ్లీ ఒకటి నుంచి.

అక్కకు చెప్తే ముఖం వెలిగిపోయింది. "కొత్త పిల్లెవరో, శ్రద్ధగలది. ఎవరో కనుక్కోవే, ఫీజు లేకుండా చేర్చుకుందాం."

పదకొండవుతుంటే ఆఫీసులో పని ఆపేసి ఆ లెక్కలే చూస్తూ కూర్చునేదాన్ని. తొమ్మిది రోజుల తర్వాత ఆ చూడటం ఆగిపోయింది. ఆగాక నాకు ఇంకా భయం వేసింది.

కంపెనీ పంపిన రెండో ఉత్తరం ఉత్తరంలా లేదు, కట్టలా ఉంది; తొమ్మిది రోజులు మా పేజీ చూసి రాసుకున్న లెక్కంతా అందులో ఉంది. ఈసారి అక్కను బతిమాలకుండా లాయరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటికెత్తుకుని కట్టంతా తిరగేశారు.

"మొదటి ఉత్తరానికి ఆ పాఠాలు పేజీలోంచి తీసేసి ఉంటే చాలమ్మా," అన్నారు. "వాళ్లే చూపించుకోమన్నారు, చూపించారు. వద్దన్నారు, తీసేశారు. నేను గట్టిగా నిలబడేవాణ్ని. ఇప్పుడు ముప్పై రెండు నకళ్లు మీ దగ్గరున్నాయి. అదీ మీ బోర్డు తగిలించి."

"నకళ్లేగండీ," అంది అక్క. "వాళ్లవి వాళ్లకే వదిలేశాంగా?"

లాయరు గారు కట్టలో అంకెలున్న పేజీ మీద వేలు పెట్టి చూపించారు. "వాళ్లడిగిన పరిహారానికి మిషన్లు, గది రెండూ పోతాయమ్మా. ఒక్క దారుంది. ఉత్తరం అందాక, తెలిసి తెలిసి చేశారని వాళ్లు రుజువు చేయలేకపోతే, బాగా తగ్గించమని అడగొచ్చు."

అంటూ కట్టలో ఆఖరి కాగితం తీశారు. దాని మీద అచ్చు వేసినట్టున్న రాత చూడగానే, అది అక్క కంపెనీకి పంపిన జవాబేనని తెలిసిపోయింది.

"ఇది మీరు రాసిందేనా? నిదానంగా ఆలోచించి చెప్పండి."

బల్ల కింద అక్క మోకాలు గట్టిగా నొక్కాను. ఆమె నా చెయ్యి తోసేసింది. కాగితం అందుకుని మొదట్నించీ చదువుకుంది. ఆ వారంలో మొదటిసారి ఆమె ముఖంలో ధైర్యం చూశాను.

"నాదేనండీ! చూడండి, మీ ఉత్తరం అందింది, అందుకే అన్నీ దింపేసుకున్నామని మొదటి వాక్యంలోనే చెప్పాను. పాఠం పేరు, దింపిన తేదీ, ముప్పై రెండూ వరసగా రాశాను. ఒక్కటి కూడా దాచలేదు. కింద సంతకం కూడా నాదే."

కాగితాన్ని ఆయన వైపు తిప్పి పెట్టింది. లాయరు గారు నుదుటి మీది కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మా అక్క ఆయన మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చుంది.