వరండాలో ఒక్క హాజరు

మొన్న చిక్కబళ్ళాపురంలో కంటి డాక్టరు దగ్గర కూర్చొని ఉండగా, పక్క కుర్చీలోని ముసలాయన జేబులోంచి చిన్న డబ్బీ తీసి చిటికెడు నశ్యం పీల్చాడు. ఆ ఘాటు గుప్పున నా దాకా వచ్చింది. రావలసింది తుమ్ము. అది రాలేదు, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తోడొచ్చిన మనవరాలు "ఏమవ్వా, అప్పుడే మందు వేశారా?" అంది. మందూ లేదు, మాకూ లేదు. చిన్నప్పుడు చింతామణిలో హైస్కూలు వరండాలో ఆ ఘాటు పీలుస్తూనే నేను చదువుకున్నాను. ఆ డబ్బీ మనిషి మా తెలుగు పండితుడు, సుబ్బరామప్ప మేష్ట్రు. ఆయన్ను ఎరిగినవాళ్ళు ఇప్పుడు నేను గాక ఇంకెవరున్నారో తెలియదు. అందుకే రాస్తున్నాను. రాస్తే నా బుద్ధి కూడా బయటపడుతుంది, పడనీ.

మాది కన్నడ సీమలోని బాగేపల్లి అవతల, ఎటు చూసినా చెనక్కాయ చేలు తప్ప మరేమీ కనబడని ఊరు. మా నాయన చౌడప్ప సేద్యగాడు. మా ఊరి బడిలో చదువంతా తెలుగే. ఆ చదువు అయ్యాక నాయన నన్ను చింతామణిలో మా అత్త ఇంట్లో పెట్టి హైస్కూల్లో చేర్పించాడు. చేర్పించి, తిరుగు బస్సు ఎక్కబోతూ ఒకటే మాట చెప్పాడు. "అశ్వత్తా, నీ మీద ఒక్క మాట వచ్చినా సరే, ఆ పొద్దే వచ్చి పిల్చుకోని పోతా. అంతే." అశ్వత్తమ్మ నా పేరు. మా నాయన అన్న మాట తప్పే మనిషి కాదు.

ఆ బడిలో మగపిల్లలు వందల మంది, ఆడపిల్లలం పన్నెండుమందిమి. మగపిల్లల్లో ఎవరి సెట్టు వాళ్ళది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళది బస్సు సెట్టు, పేటలో అంగళ్ళవాళ్ళ పిల్లలది సైకిల్ సెట్టు, హాస్టలు వాళ్ళది ఇంకొకటి. ఏ సెట్టు ఏ చెట్టు కింద సద్ది విప్పాలో కూడా ఖాయం. మాకు చెట్టు లేదు, గది ఉంది. గంట కొట్టేదాకా అందులోనే ఉండాలి. ఆ పీరియడు మేష్ట్రు వచ్చి గడప దగ్గర దగ్గితే, ఆయన వెనక వరుసగా క్లాసుకు పోవాలి. క్లాసు అయిపోగానే మళ్ళీ ఆయన వెనకే తిరిగి రావాలి. కోడి వెనక పిల్లల్లా పోయేవాళ్ళం.

ఆ గదిలో పెద్దరికం జవుళి అంగడి వాళ్ళ వనజాక్షిది. ఆమె నవ్వితే గదంతా నవ్వేది. ఇళ్ళల్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే, ఆ గది గడప తొక్కితే మాత్రం కన్నడమే. మొదటి రోజు నా కన్నడం విని కిసుక్కున నవ్వారు. ఇక ఒట్టు, నేను నోరు విప్పలేదు. అందరూ గుండ్రంగా కూర్చొని ఒకరి సద్దిలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్ళు. నేను కిటికీ వైపు తిరిగి నా సంగటి ముద్ద నేను తినేదాన్ని. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'ఒంటికాయ సొంటికొమ్ము'. కావాలని ఒంటిగా ఉంటారా తల్లీ ఎవరైనా! పిలిచేవాళ్ళు లేక ఉన్నాను. సాయంత్రం ఇంటికి పోతే అత్త పనిలో అత్త ఉండేది. రోజంతా నాతో ఎవరూ మాట్లాడలేదని పడుకునేటప్పుడు గుర్తొచ్చేది.

మొదటి ఏడాది భాషగా తెలుగు తీసుకున్నవాళ్ళం అయిదుగురం. రెండో ఏడాదికి నలుగురు మగపిల్లలూ కన్నడానికి మారిపోయారు. కన్నడం ఉంటే ఆఫీసుల్లో కొలువు దొరుకుతుందని వాళ్ళ ఇళ్ళలో చెప్పారట. మిగిలింది నేను. ఆడపిల్ల ఒక్కతే, మేష్ట్రు ఒక్కరే, తలుపులున్న గదిలో కూర్చుంటే బాగుండదని హెడ్మేష్ట్రు మా క్లాసును ఆఫీసు ముందరి వరండాలోకి మార్చారు. ఒక బెంచీ, ఒక కుర్చీ. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ మమ్మల్ని చూస్తూ పోవలసిందే.

అక్కడ కూర్చున్న మొదటి రోజు మేష్ట్రు హాజరు పట్టీ తెరిచి "అశ్వత్తమ్మ" అని పిలిచారు, మూరెడు దూరంలో ఉన్న నన్ను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఎదురుగానే ఉండాను గదా సార్."

"ఉండావు. పిలిస్తే పలకాల. నూరు మంది ఉన్నా, ఒకరే ఉన్నా క్లాసు క్లాసే పాపా."

పలికాను. ఆయన గుర్తు పెట్టుకొని, నశ్యం పీల్చి, పాఠం మొదలుపెట్టారు. ఆ వరండాలో ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజైనా నన్ను పిలవకుండా పుస్తకం తెరవలేదు. ఆ బడి మొత్తంలో నా పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే.

ఆడపిల్లల గది నుంచి వరండాకు ఆయన వెనక నేనొక్కదాన్నే నడుస్తుంటే బస్సు సెట్టు వాళ్ళు అరిచేవాళ్ళు, "తెలుగు దండు వస్తాంది, దోవ ఇడవండప్పో! దండనాయకుడు ముందర, దండు ఎనక!" నాకు భూమిలోకి దిగిపోవాలనిపించేది. ఆయన నిదానంగా ఆగి, వాళ్ళవైపు తిరిగి, "దండు చిన్నదే నాయనా. నువ్వు గూడా రా, ఇద్దరవుతారు" అనేవారు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆయనకు అదొక సరదా, నాకు చావు.

ఒకరోజు ఆవు మీద వ్యాసం రాసుకొని పోయాను. ఆవుకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు అని. ఆయన చదివి పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఆవు ఉండాదా?" అన్నారు. ఉంది సార్ అన్నాను. "అట్లయితే లోకంలో ఆవులన్నీ మనకెందుకు? మీ ఆవును గురించి రాయి" అన్నారు. మా ఎర్రావు అమ్మ పాడందే పాలు ఇవ్వదని, అమ్మకు గొంతు బొంగురుపోయినప్పుడు నాయన పాడితే తన్నిందని రాశాను. దాన్ని ఆయన గట్టిగా చదువుతుంటే ఆఫీసులో గుమాస్తా పని ఆపి పకపకా నవ్వాడు. నా మాటకు ఆ బడిలో ఒకరు సంతోషంగా నవ్వడం అదే మొదలు. తర్వాత నేను రాసిందంతా, ఎంత రాశానో అంత, ఆ రోజు నుంచే.

ఆయన కొలువు నా ఒక్కదాని మీద నిలబడి ఉందని నాకు తెలుసు. తెలుగు చదివే పిల్ల ఒక్కతైనా ఉంటే పండితుడుంటాడు, లేకపోతే ఏదో పల్లె బడికి బదిలీ. హెడ్మేష్ట్రు ఆ మాట నా ఎదుటే అన్నారు. ఒక ఆదివారం పుస్తకం ఇచ్చి రావడానికి వాళ్ళింటికి పోయాను. పిల్లలు లేరు, భార్యాభర్తలిద్దరే. ఆమెకు చూపు ఆనదు. నా చెయ్యి పట్టుకొని, "అశ్వత్తవేనా? మా ఇంట్లో పొద్దు లేస్తే నీ పేరే గదమ్మా" అంది. చెంబు తీసుకొని బావి దగ్గరికి చకచకా పోయి నీళ్ళు తెచ్చింది. నేను ఆశ్చర్యపోతే నవ్వి, "ఈ వీదిలో నాకు కండ్లతో పని లేదు. కాళ్ళే పోతాయి. ఇంకో ఊరంటే మాత్రం గోడ పట్టుకోని కూర్చోవాల్సిందే" అంది. అంటే నాకు తెలియదనడానికి లేదు. అంతా తెలుసు.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. బడి వార్షికోత్సవానికి కన్నడ పండితులు నాటకం ఎత్తుకున్నారు. వేషాలు కన్నడ క్లాసు వాళ్ళకే. ఆడపిల్లల గదిలో పొద్దస్తమానం అదే మాట, అదే నవ్వు. ఒకరోజు వనజాక్షి ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "కన్నడానికి వచ్చేయరాదూ? నా పక్కన చెలికత్తె వేషం ఉండాది, నీకిప్పిస్తా" అంది. ఏడాదిన్నరలో ఆమె నాతో అన్న మొదటి మంచి మాట. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. సెలవుల లోపు అర్జీ ఇస్తే భాష మార్చుకోవచ్చు, తండ్రి సంతకం ఉండాలి. నాయనను అడిగితే ఎందుకు ఏమిటి అంటాడు, మేష్ట్రును అడుగుదాం పద అంటాడు. తగుదునమ్మా అని నేనే పెట్టేశాను. అర్జీ కన్నడంలో ఉంది కదా అని సంతకం కూడా గుండ్రటి కన్నడ అక్షరాల్లో, అందంగా, 'చౌడప్ప' అని. మా నాయనకు కన్నడంలో ఒక్క అక్షరం రాదన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు. మూడేళ్ళ పిల్లకైనా తట్టేది.

భాష మారాలంటే పాత పండితుడు సరేనని రాయాలట. అర్జీ తిన్నగా ఆయన దగ్గరికే పోయింది. శుక్రవారం హాజరు పిలిచాక ఆయన పుస్తకంలోంచి ఆ కాగితం తీశారు.

"ఇది మీ నాయన పెట్టిన సహీనా?"

"అవును సార్."

"ఎప్పుడు నేర్చుకున్యాడమ్మా కన్నడం?"

ఆయన గొంతు పెంచలేదు. "నిన్ను చేర్పించిన పొద్దు నా కలంతోనే గదా సహి చేసింది. తెలుగులో, అక్షరానికొకసారి ఆపి" అన్నారు.

పది అడుగుల దూరంలో హెడ్మేష్ట్రు గది. ఆ కాగితం అక్కడికి పోతే నా చదువు ఆ పూటతో సరి. కనీసం అర్జీ చెల్లదని గుమాస్తాతో అంటే చాలు, ఆయన కొలువు నిలుస్తుంది. "నాయనకు చెప్పొద్దు సార్, పిల్చుకోని పోతాడు" అని ఏడ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "పాఠం తియ్యి" అన్నారు. గంట కొట్టేదాకా పాఠం చెప్పారు.

సోమవారం గుమాస్తా పిలిచి కొత్త అర్జీ చూపించాడు. రాత మేష్ట్రుది. కింద మా నాయన వంకర టింకర తెలుగు సంతకం. పక్కన ఎర్ర సిరాతో 'అభ్యంతరం లేదు' అని ఆయనే రాశారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మా ఊరికి పోయి వచ్చారట. వరండాలో పాత కాగితం నా చేతికిచ్చి, "పొయ్యిలో ఎయ్యి. ఇంకొకరి పేరు ఇంకెప్పుడూ రాయొద్దు. పో పాపా, కన్నడ సారు కాచుకోనుండారు" అన్నారు. నాయనతో ఏం చెప్పారో అడగలేదు, ఇప్పుడు మీ గతేమిటి సార్ అనీ అడగలేదు. పరిగెత్తాను. అవును, పరిగెత్తాను.

నెల తిరక్కుండా ఆయనకు బదిలీ అయింది, సోమేనహళ్ళి వైపు ఒక పల్లెకు. ఆ సాయంత్రం బడి వదిలాక అందరం కలిసి వస్తున్నాం. వనజాక్షి నా చేతిలో చెయ్యి వేసుకొని నడుస్తోంది. వీధి మలుపులో జట్కా, దాని మీద పరుపు చుట్ట, ఒక ట్రంకు పెట్టె. మేష్ట్రు భార్యను పట్టుకొని ఎక్కిస్తున్నారు. ఆమె కాలితో మెట్టు కోసం తడుముకుంటోంది. వనజాక్షి నన్ను మోచేత్తో పొడిచి, "చూడే, మీ దండనాయకుడు దండు లేకుండానే పోతాండాడు!" అంది. అందరూ పకాలున నవ్వారు. నేనూ నవ్వాను. మూతి బిగించుకొని కాదు, గట్టిగానే. ఆ నవ్వులకు ఆయన తిరిగి చూశారు. నలుగురి మధ్య నన్ను చూసి, తల ఊపి, ఆయన కూడా నవ్వారు. అందులో ఎత్తిపొడుపు ఏదైనా ఉందేమోనని ఎన్ని సార్లు వెతికానో. లేదు. ఆయన నిజంగానే సంతోషపడ్డారు.

అది ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాకు పెళ్ళయి పుట్టింటికి వచ్చినప్పుడు, చెనక్కాయలు ఒలుస్తూ నాయనను అడిగాను, ఆ రోజు మేష్ట్రు నీతో ఏమన్నారని. దొంగ సంతకం మాట ఆయన ఎత్తనే లేదు. నాయన చెప్పింది ఇంతే. "పాపకు నేర్పాల్సింది నేర్పుతాండా, దానికేం తక్కువ లేదప్పా అన్యాడు. ఆ వయసు బిడ్డకు నలుగురు ఆడపిల్లలతో కూర్చోని నవ్వుకునేది గూడా ఉండాల, నేనొక్కన్ని సాల్ను అన్యాడు. మరి నీ కొలువేం గావాల సామీ అంటే, నీళ్ళు తాగి లేసిపాయ."

సోమేనహళ్ళి వైపుకు రోజూ బస్సులుండేవి. నేను ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకొని పోతాను? నలుగురితో కలిసి నవ్వుకోవాలని ఆయన తన కొలువు వదులుకొని నన్ను పంపారు. వాళ్ళతో కలిసి నేను మొదటిసారి నవ్విన నవ్వు ఆయన మీదే.