స్లీపరు చెక్క మీద బదనిక

మట్టి లేనిచోట కూడా వేరు దాహం తీర్చే నారాయణుడికి నమస్కారం.

ఎనభైల్లో ఒక వేసవి, భాగవత సప్తాహానికి ఖరగ్‌పూర్ వెళ్లి, రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఫిట్టరు భార్య పైడమ్మ ఇంట్లో దిగాను. వరండాలో, రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కకు కట్టిన బదనిక అనే ఆర్కిడ్ మొక్క నిండా పూలు. రోజూ అవే స్వామికి. నా బదనికేమో, కుండీలో మట్టి నింపి పూటపూటా నీళ్లు పోస్తే కుళ్లిపోయింది. కడుపు మండి, నా గోడు పైడమ్మకు చెప్పాను.

"చెట్ల మీద బతికేదానికి మట్టేటమ్మా? ఊపిరాడక సచ్చిపోనాది!" అని నవ్వి, వేలాడే తెల్లటి వేరు మీద నీళ్లు చిలకరించింది. చూస్తుండగానే అది పచ్చబడింది. "ఏరు సుట్టూ దూదిలాటి తొడుగుంటాది. నీరు తాగి దాసుకుంటాది."

అడగకుండానే పిలక తుంచి ఇచ్చింది. అది మా ఇంట రెండే పూలు పూసింది. నాకింకా ఆమె గుత్తులే కళ్లలో మెదులుతున్నాయి. స్వామి పాదాల మీద ఆమె పూలను తలచుకుని నేను కుళ్లుకోకుండా సంతోషించేలా, నాతోపాటు మీరూ ప్రార్థించండి.